పాలు పంచుకున్న నెల

కొల్లేరు వెళ్ళొచ్చామని చెప్పగానే మా వీధిలో అందరూ అడిగింది ఒకటే: "పక్షులు కనిపించాయా?" కనిపించాయి. గొంతు కింద సంచులు వేలాడేసుకున్న గూడబాతులు, కరెంటు తీగల మీద బారులు తీరిన కొంగలు, పేరు తెలియనివి ఇంకెన్నో. కానీ మేము వెళ్ళిన పని వేరు. మా మావయ్యకి ఎనభై రెండేళ్ళు. పసికందుగా ఉన్నప్పుడు తనకి పాలిచ్చి బతికించిన ఒక మనిషి ఇంటిని వెతుక్కుంటూ ఆయన బయల్దేరాడు. తోడుగా నేను వెళ్ళాను.

మాది అనంతపురం. పోస్టాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ముద్రలు కొట్టి రిటైరయ్యాను. నీళ్ళంటే మాకు వారానికి రెండుసార్లు కొళాయిలో వచ్చేవి. అలాంటి ఊరి మనిషిని కాబట్టి నేను ఆశ్చర్యపడిన చోట ఆ వైపువాళ్ళు నవ్వుకున్నా నాకేం ఫరవాలేదు.

నవమి నాటి మాట

మావయ్య పేరు వెంకట్రామయ్య. శ్రీరామనవమి నాడు పుట్టాడని ఆ పేరు పెట్టారు. ఇంట్లో అందరికీ రామం. పుట్టింది కాకినాడలో, రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, పంతొమ్మిది వందల నలభై రెండు మార్చి నెలాఖర్లో. గుంతకల్లులో లెక్కల మాస్టారుగా పనిచేశాడు గానీ పిచ్చి మాత్రం చరిత్ర మీద. అందులోనూ ఒకే ఒక్క నెల మీద. తను పుట్టగానే వచ్చిన ఏప్రిల్ నెలలో ఏ తారీఖున ప్రపంచంలో ఎక్కడ ఏం జరిగిందో లైబ్రరీల్లో పాత పేపర్లు తిరగేసి మొత్తం బుర్రకెక్కించుకున్నాడు.

పోయిన నవమికి మా ఇంట్లో అందరం కలిశాం. పిల్లలు చుట్టూ చేరి, "నువ్వు పుట్టినప్పుడు ఏం జరిగింది తాతా?" అని అడిగారు. మావయ్య మొదలుపెట్టాడు.

"అయిదో తారీఖు ఈస్టరు ఆదివారం. జపాను విమానాలు కొలంబో మీద పడ్డాయి. మర్నాడు విశాఖపట్నం, కాకినాడ. తొమ్మిదిన ఫిలిప్పైన్సులో బటాన్ పడిపోయింది. లండన్ నుంచి వచ్చిన మంత్రి ఢిల్లీలో మనవాళ్ళతో మాట కుదరక వెనక్కి పోయాడు. బర్మాలో ఇంగ్లీషువాళ్ళు తమ నూనెబావులకి తామే నిప్పంటించుకుని వెనక్కి నడిచారు. పద్దెనిమిదిన అమెరికావాళ్ళు టోక్యో మీద బాంబులేశారు."

మా అమ్మ ఆయనకి అక్క. తొంభై ఏళ్ళు. మూలన కుర్చీలో కూర్చుని అంతా విని, "నెలంతా బాగా చెప్పావు. ఆ నెల్లో నువ్వెవరి పాలు తాగి బతికావో చెప్పు చూద్దాం" అంది.

మావయ్య నవ్వాడు. "ఎవరివేంటి అక్కా, అమ్మవే కదా?"

"కాదు."

అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మా తాతయ్య కాకినాడ రేవులో ఒక వర్తకుడి దగ్గర గుమాస్తా. బాంబులు పడిన రోజుకి మావయ్యకి పన్నెండు రోజులు, అమ్మకి ఎనిమిదేళ్ళు. ఊరంతా ఖాళీ అవుతుంటే వీళ్ళూ రైలెక్కారు. తాడేపల్లిగూడెంలో చుట్టాలింట్లో రెండు రోజులున్నారు. అక్కడ విమానాలు దిగడానికి మైదానం చదును చేస్తారట, అక్కడా బాంబులు పడతాయట అని పుకారు పుట్టింది. మళ్ళీ మూటలు కట్టుకుని ఏలూరు, అక్కణ్ణించి పడవలో కొల్లేరు. తాతయ్యకి తెలిసిన బియ్యం వ్యాపారి ఇల్లొకటి సరస్సు మధ్య ఓ లంకలో ఖాళీగా ఉంటే అందులో దిగారు.

బెదురుకీ, తిరుగుడుకీ అమ్మమ్మకి పాలు ఎండిపోయాయి. మేకపాలు పడితే బిడ్డ కక్కేశాడు. ఏడ్చే ఓపిక కూడా పోయింది. అప్పుడు ఆ గోడవతల ఇంట్లో చేపలు పట్టేవాళ్ళ కోడలు నాంచారమ్మ, తన ఒళ్ళోనూ పసిపిల్ల ఉన్నావిడ, "ఇలా తెండమ్మా" అంది.

"మన ఇంట్లో నీచు ముట్టం కదా" అంది అమ్మ. "అందుకని మా అమ్మ వెళ్ళేది కాదు. నేనే వీణ్ణి చంకనేసుకుని పూటకి మూడుసార్లు ఆవిడ దగ్గరికి మోసుకెళ్ళేదాన్ని. తిరిగొచ్చాక పెరటి గుమ్మంలో వీడి మీద పసుపు నీళ్ళు చల్లి గానీ అమ్మ లోపలికి రానిచ్చేది కాదు. నెల తర్వాత తెల్లారకముందే పడవెక్కాం. ఆవిడకి చెప్పనైనా చెప్పలేదు. ఈ సంగతి ఎవరితోనూ అనకూడదని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది."

మావయ్య నా వైపు తిరిగి, "ఎండలు తగ్గాక టికెట్లు తియ్యమ్మా" అన్నాడు.

తాడేపల్లిగూడెం

డిసెంబర్లో బయల్దేరాం. వాళ్ళు దిగిన చోటే తనూ దిగాలని మావయ్య పట్టు. అందుకే ఏలూరు దాటిపోయి మరీ గూడెంలో దిగాం. స్టేషను బయటికి రాగానే ఉల్లిపాయల వాసన. లారీల నిండా బస్తాలే. మాకు రాతినేల మీద వేరుశనగ కుప్పలు చూడ్డం అలవాటు; ఇక్కడ ఎటు చూసినా పచ్చదనం, బురద, కాలవ. ఒక్క కొండ లేదు. మావయ్య ఆకాశం ఇంత కిందికి ఉందేమిటి అన్నాడు.

టిఫిను కొట్టులో పెసరట్టు తిన్నాం. యాభై రూపాయలకి పళ్ళెం నిండా, మధ్యలో ఉప్మాతో. చట్నీ మళ్ళీ వేయమని అడగబోతే అడక్కముందే వేశారు. "ఇంకోటి వేయమంటారాండీ? కాస్త ఎంగిలిపడ్డట్టే తిన్నారండీ" అన్నాడు కొట్టాయన, మావయ్య ఏదో పస్తున్నట్టు బాధపడుతూ. మా వైపు తిన్నావా అంటే తిన్నావా అంటారు, అంతే. ఇక్కడ ప్రతి మాటకీ చివర అండీ తగిలిస్తుంటే మొదటిరోజు నాకు ఎవరో వెనకనుంచి వీపు నిమురుతున్నట్టే ఉంది.

ఆ మైదానం పుకారు చివరికి నిజమే అయింది. యుద్ధకాలంలో కట్టిన రన్‌వే ఇప్పటికీ ఉంది. విమానాలు లేవు. పొద్దున్నే జనం నడుస్తారు, డ్రైవింగ్ నేర్చుకుంటారు. ఒక యాభై ఏళ్ళావిడ కూతురి దగ్గర స్కూటీ నేర్చుకుంటూ తిన్నగా మా మీదికి వచ్చి, ఆఖరి క్షణంలో పక్కకి తిప్పి, గడ్డిలో పడింది. లేపబోతే తనే లేచి, చీర దులుపుకుని, "భయపడ్డారాండీ? అయ్యో, పెద్దాయన కూడాను" అంటూ తన ఫ్లాస్కులో కాఫీ మాకు పోసింది. 

నడకకొచ్చిన ఒక ముసలాయన మావయ్య పక్కన కూర్చున్నాడు. ఎక్కడ్నించి రావడమని అడిగి, మావయ్య తారీఖులు చెప్పడం మొదలుపెట్టగానే మర్యాదగా అంతా విన్నాడు. చివరికి, "అవన్నీ నాకు తెలీదండీ. మా అమ్మ ఇక్కడ కంకర మోసిందండీ. నన్ను ఆ గట్టు మీద గుడ్డ పరిచి పడుకోబెట్టేదంట. మధ్యలో వచ్చి పాలిచ్చి మళ్ళీ తట్ట ఎత్తుకునేదంట" అన్నాడు.

మావయ్య ఆ తర్వాత ఇంక తారీఖులు చెప్పలేదు.

ఏలూరు

ఏలూరులో మధ్యాహ్నం దిగాం. ఊరి మధ్యనుంచి కాలవ. అమ్మ చెప్పిన పడవల రేవు ఎక్కడో ఎవరికీ తెలియలేదు. నీళ్ళ మీద గుర్రపుడెక్క దట్టంగా అల్లుకుని, ఊదాపూలు పూసి ఉంది. 

సాయంత్రం ఒక టిఫిను బండి దగ్గర ఉగ్గాని ఉందా అని అడిగాను. ఆ అమ్మాయి తెల్లబోయింది. "బొరుగులతో చేస్తారే, అదమ్మా" అన్నాను. "బొరుగులంటే ఏంటండీ?" అంది. చేతులతో చూపించి, నూనె, పచ్చిమిరపకాయ, వేపిన పప్పుల పొడి అని చెబితే, "ఓ, మరమరాలాండీ!" అని పగలబడి నవ్వింది. అవి తడిపి తాలింపు పెడతారంటే నమ్మలేదు. మాకు మాత్రం మరమరాలతో మిక్చరు కలిపి, ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి ఇచ్చింది. ఇరవై రూపాయలు. బాగుంది, కానీ ఉగ్గాని కాదు.

ఆ పొట్లం చేతిలో పెట్టుకుని మావయ్య కాలవగట్టు మీద సిమెంటు దిమ్మె ఎక్కి కూర్చున్నాడు. తినడం లేదు. ఏమైందన్నాను.

"వెనక్కి వెళ్ళిపోదామా?" అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను.

"ఆవిడ ఉండదు. వాళ్ళ పిల్లలుంటారు. వాళ్ళకేం చెబుతాను? మీ అమ్మ పాలు తాగాను, తాగినప్పుడల్లా మా అమ్మ నన్ను పసుపు నీళ్ళతో శుద్ధి చేసింది అని చెబుతానా? కృతజ్ఞత చెప్పుకోడానికి ఎనభై రెండేళ్ళకి వచ్చానని చెబుతానా?"

"నీకు తెలిసి ఎనిమిది నెలలే కదా మావయ్యా."

"నా ఒంటికి తెలీదూ?" అన్నాడు.

అప్పుడే అమ్మ ఫోన్ చేసింది. చెవి సరిగ్గా వినపడదు కాబట్టి ఆమె మాట్లాడటమే, వినడం ఉండదు. "ఒరేయ్ రామం, ఆవిడ ఎడమచేతికి ఆరు వేళ్ళురా. పొద్దుట్నుంచీ గుర్తుచేసుకుంటున్నాను. ఆరో వేలు చిటికెన వేలి పక్కన. నువ్వు దాన్నే పట్టుకుని తాగేవాడివి. లంక గట్టు మీద నిలబడితే దూరంగా కైకలూరు రైలు పొగ కనిపించేది. అక్కడ అడుగు" అని పెట్టేసింది.

మావయ్య తన కుడిచెయ్యి కాసేపు చూసుకున్నాడు. పొట్లం విప్పాడు. "రేపు పొద్దున్న బస్సెన్నింటికి?" అన్నాడు.

కైకలూరు, ఐసు కొట్టు

ఏలూరు నుంచి కైకలూరు బస్సు కొల్లేటి మీదుగానే వెళుతుంది. సరస్సంటే ఒడ్డు కనపడని నీళ్ళనుకున్నాను. ఎక్కువ చోట్ల నాకు కనిపించినవి గట్లు, గట్ల మధ్య చతురస్రంగా చేపల చెరువులు. పక్క సీటాయన, "అసలు కొల్లేరు ఎక్కడుందండీ? గట్లు కట్టారు, గవర్నమెంటోళ్ళు కొట్టేశారు, మళ్ళీ కట్టారు. మళ్ళీ కొడతామంటున్నారు. మా బతుకు అంతా గట్టు మీదేనండీ" అన్నాడు. కోపంగా కాదు, వాన వస్తుందేమో అన్నట్టు అన్నాడు. అప్పుడే కిటికీలోంచి గూడబాతులు చూపించాడు. మావయ్య చంటిపిల్లాడిలా అద్దానికి ముక్కు ఆనించాడు.

కైకలూరులో రోడ్డుకి అటూ ఇటూ చేపల మేత కొట్లు, ఐసు కొట్లు. ఐసు దిమ్మెలు మిషన్లో పడి నలిగే చప్పుడు, ప్లాస్టిక్ ట్రేలు, తడి. ఇన్ని నీళ్ళ మధ్య ఉండి తాగే నీళ్ళు మాత్రం క్యానుల్లో కొనుక్కుంటారు. ఆ ఒక్క విషయంలో ఇదీ మా ఊరే అనిపించింది.

ఒక ఐసు కొట్టు ముందు కాస్త నీడ ఉంటే ఆగాం. యజమాని సుబ్బారావు గారు, యాభై ఏళ్ళ మనిషి, వెంటనే రెండు కుర్చీలు వేయించాడు. మావయ్య అడిగాడు. "ఆరువేళ్ళ నాంచారమ్మ అని, ఇక్కడి లంకల్లో..."

మిషను చప్పుడులో ఆయనకి సగమే వినపడింది. "ఆరేళ్ళ నాంచారమ్మా? చిన్నపిల్లాండీ? తప్పిపోయిందాండీ?" అని కంగారుగా లేచాడు. పోలీస్ స్టేషనుకి ఫోన్ చేయబోతుంటే నేను ఆపి, నా చెయ్యి చాపి చిటికెన వేలి పక్కన ఇంకో వేలు పెట్టి చూపించాను. 

సుబ్బారావు గారి మొహం విప్పారింది. "ఆరేళ్ళోళ్ళ ఇల్లాండీ! అలా చెప్పండి. మా దగ్గర ఐసు తీసుకుంటారండీ. ఇంటిపేరు వేరే ఉందనుకోండి, అందరం ఆరేళ్ళోళ్ళనే అంటాం. ఆ వేళ్ళావిడ పోయి చాలా కాలమైందండీ. కూతురు ఉన్నారు. పెద్దింట్లమ్మ గారు."

కొల్లేటికోట అమ్మవారి పేరది. మావయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. "కూతురంటే... ఆవిడకెన్నేళ్ళండీ?"

"మీ ఈడేనండీ."

ఆయనే వాళ్ళకి ఫోన్ చేశాడు. మావయ్య చెప్పమన్నట్టే, ఎవరో కాకినాడ వాళ్ళ తాలూకు, నాంచారమ్మ గారి కోసం వచ్చారని చెప్పాడు. అవతల ఏమన్నారో గాని, ఫోన్ పెట్టేసి, "వెంటనే రమ్మంటున్నారండీ. మా ట్రాలీ ఆటో అటే వెళుతోంది, ముందు సీట్లో కూర్చోండి" అన్నాడు. మావయ్య ఒక్క పావుగంట అడిగాడు. నన్ను పక్క బట్టల కొట్టుకి తీసుకెళ్ళి ఆకుపచ్చ నేత చీర ఒకటి తీశాడు. జరీ వద్దన్నాడు, మెత్తగా ఉండాలన్నాడు. నాకు తెలిసి ఆయన జీవితంలో చీర ఎంచడం అదే మొదటిసారి.

లంకలో

ఆటో గట్టు మీద అరగంట నడిచింది. చివర్లో ఒక మురుగుకాలవ అడ్డం వస్తే చిన్న పడవ మీద దాటాలి. పడవ ఎక్కబోతూ మావయ్య తూలాడు. ఆయన్ని పట్టుకోగలిగాను గాని ఆయన ఎడమకాలి చెప్పు నీళ్ళలో పడింది. కాసేపు తేలుకుంటూ గుర్రపుడెక్కలోకి పోయింది. రెండోది కూడా తీసి పడవలో పెట్టి, వట్టి కాళ్ళతో అవతల గట్టు ఎక్కాడు.

ఇల్లు స్లాబు ఇల్లే. ముందు వలలు ఆరేసి ఉన్నాయి. పెద్దింట్లమ్మ గారి కోడలు లక్ష్మి ఎదురొచ్చి, కాళ్ళు చూసి, ఏమీ అడక్కుండా తన భర్త చెప్పులు తెచ్చి పెట్టింది. కుర్చీలు వేసి, మూత తియ్యని కూల్‌డ్రింకు సీసాలు రెండు ట్రేలో పెట్టి తెచ్చింది. నీళ్ళు కూడా సీలు వేసిన బాటిలే. మా ముందే మూత తీసింది. మర్యాద కోసమనుకున్నాను. తర్వాత అర్థమైంది.

పెద్దింట్లమ్మ గారు లోపల్నుంచి గోడ పట్టుకుని వచ్చారు. సన్నగా, పొట్టిగా, తెల్లటి జుట్టు ముడి వేసుకుని. మావయ్య లేచి నిలబడ్డాడు.

ఆవిడే అడిగారు. "మీరు... కాకినాడోళ్ళ నవమి పిల్లోడేనాండీ?"

మావయ్య తలూపాడు.

"బతికే ఉన్నారా?" అన్నారు ఆవిడ. అని, నిలబడ్డ చోటే కింద కూర్చుండిపోయారు. 

లక్ష్మి పరిగెత్తుకొచ్చి పట్టుకుంది. మావయ్య కూడా నేల మీద కూర్చున్నాడు, ఆవిడకెదురుగా. కాస్త తేరుకున్నాక మావయ్య అడిగిన మొదటి మాట ఇది.

"పసుపు నీళ్ళ సంగతి మీ అమ్మగారికి తెలుసాండీ?"

"తెలీకేమండీ? గోడవతలే కదా. మా అమ్మ నవ్వేదంట. పసుపు మంచిదే కదే, పిల్లోడికి ఒంటికి పడతది అనేదంట." ఆవిడ నవ్వారు. ముందరి పళ్ళు రెండు లేవు. "ఒక పక్క మీకు, ఒక పక్క నాకు పెట్టేదంటండీ. మీ పక్కే ఎప్పుడూ ముందు ఖాళీ అయ్యేదంట."

మావయ్య నవ్వలేకపోయాడు. 

"అదేం కష్టం కాదండీ మా అమ్మకి," అన్నారు ఆవిడ, గొంతు తగ్గించి. "చెప్పకుండా వెళ్ళిపోయారు చూడండి, అదండీ. ఆ పొద్దున మీరు రాలేదని, పాలు చేపుకొచ్చి, తనే మీ గుమ్మంలోకి వెళ్ళిందంట. తాళం వేసుంది. మూడు రోజులు వెళ్ళి చూసి వచ్చింది. పిల్లోడు పోయుంటాడు, ఆ మాట నాకు చెప్పలేక వెళ్ళిపోయారు అనుకుంది. కాదులే, ఉండుంటాడు అని మళ్ళీ తనే అనేది. ఏ సంగతీ తేలలేదండీ ఆవిడకి. ప్రతి నవమికీ లెక్కపెట్టేది. ఉంటే ఇవాళ్టికి పదేళ్ళు. ఉంటే ఇరవై. పెళ్ళయి ఉంటది. తను చనిపోయిన ఏడు కూడా మంచం మీద ఉండి అన్నాదండీ, ఉంటే యాభై నాలుగు అని."

గోడ మీద ఫొటో ఉంది. ఏదో కార్డు మీది చిన్న ఫొటోని పెద్దది చేయించినట్టున్నారు, మొహమంతా మసకగా ఉంది. చేతులు అందులో లేవు. మావయ్య గోడ పట్టుకుని లేచాడు. ఆ ఫొటో ఎదురుగా, బడిలో హాజరు పలికే పిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు.

"ఉన్నానమ్మా," అన్నాడు. "ఎనభై రెండు."

అంతవరకే అనగలిగాడు. మావయ్య ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అత్తయ్య పోయినప్పుడు కూడా చూడలేదు.

మినప వడియాలు, దోసకాయ పప్పు

మధ్యాహ్నం అయింది. లక్ష్మి నన్ను పక్కకి పిలిచి, "మీకు కైకలూరు నుంచి హోటలు భోజనం తెప్పిస్తున్నామండీ. మా గిన్నెల్లో చేపలు వండుతాం కదండీ" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. పెద్దవాళ్ళ దగ్గర విని నేర్చుకున్న జాగ్రత్త అది. సీలు తియ్యని సీసాలు ఎందుకో అప్పుడు తెలిసింది.

మావయ్య వినేశాడు. "హోటలు వద్దమ్మా. మీరు రోజూ వండుకునే గిన్నెలోనే పప్పు వండు. చేపలు మాత్రం తినలేను, అలవాటు లేదు. అది వేరే సంగతి" అన్నాడు.

లక్ష్మి అత్తగారి వైపు చూసింది. ఆవిడ, "అన్నం ఎక్కువ పెట్టు" అన్నారు, అంతే.

దోసకాయ పప్పు, వేయించిన మినప వడియాలు, గడ్డపెరుగు. వాళ్ళు చేపల పులుసు పక్కకి జరిపి కూర్చోబోతే మావయ్య తనే ఆ గిన్నె మధ్యలోకి లాగి పెట్టాడు. మా వైపు పప్పులో పచ్చిమిరపకాయ నూరి వేస్తాం, ఇక్కడ కాస్త బెల్లం వేశారు. మావయ్య రెండుసార్లు వేయించుకున్నాడు. పెద్దింట్లమ్మ గారు తినకుండా ఆయన తింటుంటే చూస్తూ కూర్చున్నారు.

అన్నాలయ్యాక అమ్మకి వీడియో కాల్ చేశాను. తెరమీద ఆవిడ మొహం చూడగానే అమ్మ, "అయ్యో, నాంచారమ్మ పోలికే!" అని కేక పెట్టింది. తర్వాత గొంతు మారిపోయింది. "నేనే మోసుకొచ్చేదాన్ని తల్లీ. వెళ్ళిపోయిన పొద్దున నాకు తెలుసు. చెప్పి వస్తానంటే అమ్మ చెయ్యి పట్టి లాగింది. ఇన్నేళ్ళూ నేను దాచాను. నన్ను క్షమించు."

"మీకు ఎనిమిదేళ్ళండీ అప్పుడు," అన్నారు పెద్దింట్లమ్మ గారు. "మా అమ్మ మిమ్మల్నీ తలుచుకునేది. పిల్లోడు చంకలోంచి జారిపోతా ఉంటే ఒంటికాలి మీద నిలబడి, మోకాలు ఎత్తి సర్దుకునేవారంట. కొంగపిల్లలాగ అనేది."

అమ్మకి వినపడలేదు. నేను గట్టిగా మళ్ళీ చెప్పాను. అమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

మావయ్య సంచిలోంచి చీర తీశాడు. "చెల్లెమ్మా, ఇది..." అని రెండు చేతులతో ఇవ్వబోయాడు.

ఆవిడ చెయ్యి చాపలేదు. "చెల్లెమ్మాండీ? మీరెప్పుడు పుట్టారు?"

"నవమికి."

"నేను మా అమ్మవారి జాతరకండీ. ఫాల్గుణంలో. అందుకే ఈ పేరు. ఏది ముందు?"

లెక్కల మాస్టారు ఒక్క క్షణం ఆలోచించి ఓడిపోయాడు. "మీరే ముందు. అక్కా" అన్నాడు.

"మరి!" అని అప్పుడు తీసుకున్నారు చీర. మడత విప్పి, బుగ్గకి ఆనించుకుని చూసి, భుజం మీద వేసుకున్నారు. ఆ తర్వాత ఆవిడ మాటల్లో అండీలు ఒక్కొక్కటే రాలిపోయాయి. ఎప్పుడు పోయాయో నేను గమనించలేదు. మోకాళ్ళ నొప్పికి ఏం వాడుతున్నావని అడిగారు. షుగరుందా, ఎవరు వండి పెడుతున్నారు, ఒక్కడివే ఉంటావా అని అడిగారు. మావయ్య అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పాడు.

పొద్దు వాలుతుంటే బయల్దేరాం. మేము వద్దన్నా వినకుండా ఆవిడ లక్ష్మి భుజం పట్టుకుని కాలవ దాకా వచ్చారు. పడవ దాటాం. అవతల సుబ్బారావు గారి ఆటో ఖాళీ ట్రేలతో మా కోసం ఆగి ఉంది. నేను ముందు ఎక్కాను, మావయ్య అంచున కూర్చున్నాడు. బండి కదులుతుంటే వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. అవతల గట్టు మీద ఆకుపచ్చ చీర ఇంకా భుజాన్నే ఉంది.

అంత సన్నటి మనిషిలోంచి అంత కేక ఎలా వచ్చిందో తెలియదు. కాలవ మీదుగా స్పష్టంగా వినిపించింది.

"ఒరేయ్ తమ్ముడా! చెయ్యి లోపల పెట్టుకో! లారీలొస్తాయి!"

ఎనభై రెండేళ్ళ మావయ్య గబుక్కున చెయ్యి లోపలికి తీసుకుని, ఒళ్ళో పెట్టుకున్నాడు.